కొండవాలున ఒక ఇల్లు



ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పిన మాట మీరందరు ఎరుగుదురు. రెండును మనుష్యుని ఓర్పును పరీక్షించు పనులే. ఈ నెల మీకు చెప్పబోవు దంపతులు పెండ్లి కొరకే కొన్ని ఏండ్లు కాచుకొనిరి. తీరా పెండ్లియైన తరువాత, కొన్నాళ్లు చూచి వత్తమని వెళ్లిన హిమాలయ పర్వతములలో ఇల్లు కట్టుకొని నిలిచిపోయిరి. భర్త ఇంగ్లండు దేశస్థుడు, గృహనిర్మాణ శాస్త్రము చదివినవాడు. భార్య మలయాళ దేశపు క్రైస్తవ కుటుంబములో పుట్టిన వైద్యురాలు. పెండ్లికి పూర్వము మన హైదరాబాదులో పనిచేసినది. ఆయన పేరు లారెన్సు విల్‌ఫ్రెడ్ బేకర్. లోకము ఆయనను లారీ బేకర్ అని పిలిచెను. ఆమె పేరు ఎలిజబెత్ జాకబ్.

ఇండ్లు కట్టుట చదివినవాడు తన ఇల్లు కట్టుకొనుటలో వింత యేమి అని మీరడుగవచ్చును. వింత యేమనగా, ఆ కొండమీద ఆయన చదువు చాలలేదు. అక్షరము రాని రాతిపనివారి యొద్ద ఆయన మరల ఓనమాలు దిద్దుకొనవలసి వచ్చెను. ఆ సంగతియే నేను మీకు చెప్పగోరునది.

బేకర్ 1917వ సంవత్సరము మార్చి 2వ తేదీన బర్మింగ్‌హామ్ పట్టణమందు ఒక మెథడిస్టు కుటుంబమున పుట్టెను. యౌవనములో క్వేకరుల సహవాసమున చేరెను. క్వేకరులనగా మిత్రసమాజము వారు. వారు ఆరాధనలో మౌనముగా కూర్చుందురు. ఎవరికైన ఆత్మ ప్రేరేపణ కలిగినయెడల లేచి నాలుగు మాటలు చెప్పుదురు. యుద్ధమందు ఆయుధము పట్టరు. 1937లో ఆయన చదువు ముగిసెను. రెండేండ్లకే ప్రపంచయుద్ధము వచ్చెను. తుపాకి పట్టనన్నవాడు చేతులు కట్టుకొని కూర్చుండలేదు. తన సమాజమువారి అంబులెన్సు దళములో చేరి, శస్త్రచికిత్సకు మత్తుమందు ఇచ్చు పని నేర్చుకొని, చైనా దేశమునకు పోయెను. మొదట యుద్ధములో గాయపడినవారికి పరిచర్య చేసెను. తరువాత ఆ దేశపు లోపలి భాగములకు పోయి, జర్మనీ దేశపు సహోదరీలు నడుపుచుండిన ఒక కుష్ఠు వైద్యశాల బాధ్యత వహించెను.

అక్కడనుండి స్వదేశమునకు తిరిగి పోవుచు ఓడ కొరకు బొంబాయిలో కొన్ని నెలలు ఆగవలసి వచ్చెను. ఓడ ఆలస్యమైతే మనము విసుగుకొందుము గదా! ఆ ఆలస్యమే ఆయన జీవితమును మలుపు త్రిప్పెను. గాంధీగారు ఆ పట్టణమున బస చేసియుండగా బేకర్ ఆయన కూటములకు పోవుచుండెను. ఒకనాడు గాంధీగారి దృష్టి ఈ యువకుని కాళ్ల జోళ్లమీద పడెను. అవి గుడ్డ పీలికలను చేర్చి చేతితో కుట్టిన చైనా జోళ్లు. పారవేయవలసిన గుడ్డ ఇట్లు పనికి వచ్చుట గాంధీగారికి మిక్కిలి నచ్చెను, దానిమీదట వారిద్దరికి మాటలు సాగెను. పల్లెలో కట్టు ఇంటికి వలయు వస్తువులన్నియు అయిదు మైళ్ల లోపల దొరకునవై యుండవలెనని గాంధీగారి తలంపు. పట్టణములలో చదివిన యువకునికి ఆ మాట ఆనాడు వినుటకు బాగుగనే యుండెను గాని, అది ఎంత నిజమో ఆయనకు తెలియుటకు చాల ఏండ్లు పట్టెను.

1945లో ఆయన మరల ఇండియాకు వచ్చెను. ఈసారి కుష్ఠురోగుల మిషనుకు గృహనిర్మాణకుడుగా వచ్చెను. ఈ మిషను 1874లో వెల్లెస్లీ బెయిలీ అను ఆయన పూనికతో పుట్టినది. పూర్వము కుష్ఠురోగులకు కట్టిన ఇండ్లు ఎట్లుండెడివో మన పెద్దలలో కొందరు ఎరుగుదురు: ఊరికి దూరముగా ఒక ఆవరణము, వరుసగా చిన్న గదులు, చనిపోవువరకు తలదాచుకొనుటకు చోటు. డిచ్‌పల్లిలో డాక్టరు ఇసబెల్ కెర్ స్థాపించిన వైద్యశాల వంటివి మన దేశములో కొద్దియే. కాని 1940ల నుండి సల్ఫోను మందులు వాడుకకు వచ్చెను. కుష్ఠు కుదురు రోగమని లోకమునకు తెలిసెను. కుదురు రోగమునకు ఆశ్రయము చాలదు, ఆసుపత్రి కావలెను. కనుక ఆ పాత ఆవరణములను ఆసుపత్రులుగా మార్చు పని బేకర్‌కు ఒప్పగించబడెను.

పని చేయబోగా తాను నేర్చినది ఈ దేశమున అక్కరకు రాదని తోచెను. బర్మింగ్‌హాములో నేర్చినది ఇనుము, గాజు, కొలతగల ఇటుక. ఇక్కడ చూడబోతే అడుసు, పేడ, వెదురు, చెదలు, వర్షాకాలము. పుస్తకములలో ఈ మాటలే లేవు. అయితే ప్రతి పల్లెలోను చెదలకును వర్షమునకును ఎదురు నిలిచిన ఇండ్లు ఉన్నవి. వాటిని కట్టినవారు ఎవరు? ఎట్లు కట్టిరి? ఆయన అప్పటినుండి పల్లె ఇండ్లను చూచుట మొదలిడెను.

ఆ రోజులలో ఆయన ఉత్తరప్రదేశపు ఫైజాబాదులో డాక్టరు చాందీ అను వైద్యుని ఇంట ఉండెను. ఆ వైద్యునికి శస్త్రచికిత్స అవసరము కాగా, ఆసుపత్రి పని చూచుటకు హైదరాబాదు నుండి ఆయన చెల్లెలు వచ్చెను. ఆమెయే ఎలిజబెత్. వారిద్దరు ఒకరినొకరు ఎరిగినది అప్పుడే. పెండ్లి మాట రాగా ఇరు కుటుంబములవారికిని సమ్మతము లేకపోయెను. దొర ఒకవైపు, మలయాళ క్రైస్తవుల ఆడపడుచు ఒకవైపు. ఆ కాలమందు ఊరివారి నోళ్లు ఎట్లుండునో వేరుగా చెప్పవలెనా? వారు పెద్దలను ధిక్కరించి లేచిపోలేదు. ఒకరినొకరు విడువనులేదు. ఎవరి పని వారు చేసికొనుచు, ఎప్పుడో ఒకసారి కలిసికొనుచు, కాచుకొనిరి. 1948లో వివాహమాయెను.

వివాహమైన పిమ్మట వారు కుమావూఁ కొండలలోని పితోరాగఢ్‌కు పోయిరి. అది సముద్రమట్టమునకు సుమారు 5,000 అడుగుల ఎత్తున నున్న చోటు. అప్పటికి అల్మోరా జిల్లాలోనిది. 1960లో ప్రత్యేక జిల్లా అయినది, నేడు ఉత్తరాఖండు రాష్ట్రమునకు చేరినది. తూర్పున కాళీనది, దానికి ఆవల నేపాళము. ఉత్తరమున మంచుకొండల వరుస, వాటికి ఆవల టిబెట్టు. రైలు టనక్‌పూరుతోనే ఆగిపోవును. అక్కడనుండి సుమారు 150 కిలోమీటర్లు కొండదారి.

ఆ పట్టణమునకు పైనున్న చందాగ్ కొండ పేరు మన పెద్దలలో కొందరికి తెలిసియుండును. అమెరికా దేశపు మేరీ రీడ్ అను మిషనరీ, తనకే కుష్ఠు సోకినదని తెలిసిన తరువాత, 1891లో ఆ కొండకు వచ్చి, 1943లో కన్నుమూయువరకు అక్కడి కుష్ఠురోగుల మధ్య జీవించెను. బేకర్ దంపతులు వచ్చునప్పటికి ఆమె సమాధి అయిదేండ్లది.

నూతన దంపతులు ఆ కొండలలో కొన్నాళ్లు నడిచి, మంచుశిఖరములను చూచి, దిగి పోదుమనుకొనిరి. కాని వచ్చినామె వైద్యురాలని పల్లెలలో తెలిసిపోయెను. ఇక చూడుడి! వీపున మోసి తెచ్చిన ముసలివారు, చంకబిడ్డలతో తల్లులు, ఎన్నడు వైద్యుని ముఖము చూడనివారు తెల్లవారకముందే వచ్చి నిలువసాగిరి. ఒక గుంపు పోగానే మరియొక గుంపు. ఇందరిని విడిచి ఎట్లు పోవుట? ఆలుమగలు ఆలోచించుకొని, ఒక కొండవాలున తమకు ఇల్లును, రోగులకు ఆసుపత్రియు కట్టుటకు నిశ్చయించుకొనిరి.

ఇప్పుడు ఆ కొండసీమలో ఇల్లు కట్టు విధమును చెప్పెదను. మన పల్లపు నేలలవారికి ఇది క్రొత్తగా నుండును గనుక కొంచెము నిదానముగా వినుడి.

మైదానమునుండి వచ్చినవాడు వాలును చూడగానే దానిని విశాలముగా చదును చేయ జూచును. కొండవాడు అట్లు చేయడు. ఎంత త్రవ్విన అంత మన్ను వర్షములో జారునని అతనికి తెలియును. కొండ ఎట్లు వంగినదో అట్లే, వాలుకు అడ్డముగా, సన్నని మెట్టు ఒకటి త్రవ్వును. ఇల్లు వెడల్పు తక్కువగా, పొడుగుగా ఆ మెట్టుమీద కూర్చుండును. వీపు కొండవైపు, ముఖము ఎండవైపు. వెనుక గోడకును కొండకును మధ్య నీరు పోవుటకు సందు విడుచును. ఈ సందు విడువనివాని ఇంటిలో మొదటి వర్షాకాలముననే గోడ చెమ్మగిలును.

మెట్టు త్రవ్వగా వచ్చిన రాయియే గోడకు పోవును. అక్కడి రాయి పొరలుపొరలుగా చీలును. పనివాడు సుత్తితో తట్టి దాని శబ్దము విని ఎక్కడ చీలునో చెప్పగలడు. గోడ మందము మూరెడు, ఒక్కొక్కచోట అంతకు మించి. రాళ్ల మధ్య అడుసు. సున్నము లేదు, సిమెంటు లేదు. బలమంతయు అడుసులో లేదు, రాయిమీద రాయి కూర్చుండుటలో నున్నది. గోడకు వెలుపలి ముఖమును లోపలి ముఖమును విడిపోకుండునట్లు అక్కడక్కడ ఒక పొడుగు రాయిని గోడ మందమంతయు పట్టునట్లు అడ్డముగా వేయుదురు. కొన్నిచోట్ల గోడల నడుమ మ్రానులను కూడ పెట్టుదురు. అది భూకంపముల సీమ గనుక, నేల కదలినప్పుడు మ్రాను గోడను పట్టియుంచును. లోపల మట్టి, పేడ, పొట్టు కలిపి మెత్తుదురు. మన అమ్మలు పండుగకు ముందు అలుకునది చూచినవారికి ఇది క్రొత్త కాదు.

పైకప్పు పెంకుది కాదు, గడ్డిది కాదు. దూలములు, వాసములు పేర్చి, మట్టి పరచి, దానిమీద పలకరాళ్లు ఒకదాని అంచుమీద ఒకటి ఎక్కునట్లు కప్పుదురు. పిల్లలు వ్రాసికొను పలక వంటివే, అయితే పెద్దవి, బరువైనవి. వాలుగా నుండుటవలన వాననీరు నిలువదు, మంచు జారిపోవును. బరువుగా నుండుటవలన గాలికి లేవదు. గది ఎత్తు తక్కువ. పట్టణమువాడు తల వంచి లోపలికి పోయి, వీరికి ఎత్తుగా కట్టుటయే రాదనుకొనును. చలికాలపు రాత్రి అక్కడ పండుకొన్నప్పుడు గాని తక్కువ ఎత్తు గది వెచ్చగా నుండునని అతనికి తెలియదు. క్రింది అంతస్తులో పశువులు, పైన మనుష్యులు. పశువుల వేడి పైకెక్కును. పగలెల్ల ఎండను త్రాగిన రాతిగోడ రాత్రి దానిని లోపలికి విడుచును. కట్టెల పొగ దూలములకు పట్టి పురుగును రానీయదు.

దీనిలో ఏ ఒక్కటియు ఒకడు కూర్చుండి గీసినది కాదు. పడిపోయిన గోడలను చూచి తండ్రి నేర్చినది, తండ్రిని చూచి కుమారుడు నేర్చినది. తాను పట్టము పొందిన చదువు చెప్పలేని జవాబులను ఈ కొండవారు వందల ఏండ్లుగా పడుచు లేచుచు కనుగొనిరని బేకర్ తెలిసికొనెను. ఆ మాట ఆయన జీవితాంతము పలుమారులు చెప్పెను. ఆయన తన యింటికిని ఆసుపత్రికిని అచ్చటి రాయిని, అచ్చటి మట్టిని, అచ్చటి కలపను, అచ్చటి పనివారినే తీసికొనెను. రోడ్డు సరిగా లేని ఆ రోజులలో ఒక్క బస్తా సిమెంటు ఆ కొండకు ఎక్కవలెనన్న కంచరగాడిదకో మనుష్యుని వీపునకో ఎంత భారమో ఆలోచించుడి. గాంధీగారి అయిదు మైళ్ల మాట ఇక్కడ సిద్ధాంతము కాదు. మరియొక దారి లేదు.

ఇక్కడ మా ప్రాంతపు సంగతి యొకటి చెప్పక తప్పదు. ఊరి పేరు చెప్పను. అక్కడి ప్రార్థన మందిరము మా తాతల నాటిది: మట్టిగోడలు, తాటాకు కప్పు. ప్రతి సంవత్సరము సంఘములోని స్త్రీలు గోడలను అలికెడివారు, పురుషులు ఆకు మార్చెడివారు. ప్రక్క ఊరిలో డాబా మందిరము లేచెను. అంతే, మనకు మట్టిగోడలా అని సిగ్గు పుట్టెను. పాతది పడగొట్టి, అప్పు తెచ్చి, సిమెంటు కప్పు వేసితిమి. ఆ అప్పు తీరుటకు తొమ్మిది పంటలు పట్టెను. ఇప్పుడు మే నెలలో పది గంటల ఆరాధనకు లోపల కూర్చుండలేక, కుర్చీలు బయట వేపచెట్టు క్రిందికి మోసికొందుము. పడగొట్టుమని చేయెత్తినవారిలో నేనును ఒకడను గనుక ఎవరిని నిందింతును?

అట్లని మట్టియిల్లు స్వర్గమని నేననుట లేదు. ఏటేట దానిని కనిపెట్టి చూడవలెను, చూడకున్న కూలును. బేకర్ కూడ సిమెంటును ముట్టరాదని చెప్పినవాడు కాడు. అవసరమైనచోట, అవసరమైనంత వాడెను. ఆయన అడిగినది ఒక్కటే: ఇది ఇక్కడ ఎందుకు? పొరుగువాడు కట్టెనని ఎవరైన చెప్పినయెడల ఆ జవాబు ఆయనకు చాలెడిది కాదు.

ఆ కొండ యింటిలో వారు 1963 వరకు కాపురముండిరి. ఇల్లనగా మన ఇండ్లవంటి ఏకాంతము అనుకొనకుడి. ఆసుపత్రి ప్రక్కనే గనుక తలుపు తట్టుటకు వేళ లేదు. ఎలిజబెత్ రోగులను చూచుచుండగా, చైనాలో మత్తుమందు పని నేర్చిన భర్త వైద్యశాలలో ఆమెకు సహాయుడాయెను. ఇంగ్లీషు దొర భార్య చెప్పిన పని చేయుట ఆ పల్లెలవారికి మొదట వింతగా తోచియుండును. ఆమె పని ఆసుపత్రి, ఆయన పని గోడలు అని గీత గీసికొన్నవారు కారు. నేనైతే ఆ యింటి గొప్పతనము రాళ్లకంటె ఇందులోనే ఎక్కువ చూచుచున్నాను.

తీరిక దొరికినప్పుడు బేకర్ బొమ్మలు గీసెడివాడు. క్రొత్త కాగితము పాడుచేయుట ఆయనకు ఇష్టము లేదు; వాడిన కవరుల వెనుక, అచ్చయిన పత్రికల వెనుక ఆయన గీసిన ఇండ్ల బొమ్మలు ఎన్నియో. ఆ కొండలలో పాఠశాలలు, ఆసుపత్రులు కట్టెను. క్రమముగా పేరు దిగువకు ప్రాకెను. లక్నోలో సాక్షరతా గ్రామమును నెలకొల్పిన వెల్తీ ఫిషర్ అను అమెరికా దేశపు వృద్ధ స్త్రీ, తన కట్టడములకు తగిన మనుష్యుడు ఈయనయేనని విని, ఆ కొండలలో ఆయనను వెదకి పట్టుకొనెను. పల్లెవారికి చదువు చెప్పు చోటు పల్లెవారికి బెరుకు పుట్టించకూడదు గదా! ఎత్తయిన మేడ చూచి రైతు గుమ్మము దగ్గరనే చెప్పులు విడిచి నిలిచిపోవును. బేకర్ అక్కడ ఇటుకతో, మెట్టకప్పులతో, రైతు వంగకుండ జంకకుండ నడిచి రాదగిన ఇండ్లు కట్టెను.

1962లో చైనాతో యుద్ధము వచ్చెను. పితోరాగఢ్ సరిహద్దు జిల్లా. మరుసటి ఏడు దంపతులు ఆ కొండ దిగి, దేశము ఈ చివరనుండి ఆ చివరకు, కేరళమునకు పోయిరి. తమ చేతులతో లేపిన గోడలను విడిచి పోవుట ఎట్లుండునో, వలస పోయినవారు మీలో ఎందరో ఉన్నారు గనుక నేను చెప్పనక్కరలేదు. కేరళమున వారు ముందు ఆగినది వాగమన్ అను కొండసీమ. మరల కొండయే, మరల ఆసుపత్రియే.

1970 ప్రాంతమున తిరువనంతపురమునకు వచ్చిన పిదప బేకర్ పేరు దేశమంతట తెలిసెను. పేదవారి ఇండ్లు మొదలుకొని పెద్ద విద్యాసంస్థలవరకు కట్టెను. పల్లెవాడు చదివి తానే చేసికొనదగినట్లు చేతివ్రాతతో, చేతిబొమ్మలతో చిన్న పుస్తకములు వ్రాసెను. వాలుమీద ఇల్లు కట్టువాడు కొండను కోయక దాని వంపువెంట కట్టవలెనని వాటిలో చెప్పెను. ఆ పాఠము ఎక్కడిదో మీకు ఇప్పుడు తెలియును. 1989లో ఈ దేశపు పౌరుడాయెను. 1990లో ప్రభుత్వము పద్మశ్రీ బిరుదమిచ్చెను. 2007వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన, తొంబది ఏండ్లు నిండినవాడై, తిరువనంతపురములో కన్నుమూసెను.

ఆయన ప్రాణము విడిచిన పట్టణమందు, నాలంచిర అను చోట, వారిద్దరు కట్టుకొన్న కడపటి ఇల్లు ఉన్నది. దానికి తీసికొన్న స్థలము రాళ్లు తేలిన గుట్ట. మొక్క మొలచుటయే కష్టము. ఆయన గుట్టను చదును చేయలేదు. రాయి ఎక్కడ లేచినదో అక్కడ గోడను ప్రక్కకు త్రిప్పెను, నేల ఎక్కడ దిగినదో అక్కడ మెట్లు వేసెను. ఇతరులు పడగొట్టిన ఇండ్ల తలుపు చెక్కలు, విరిగిన పెంకులు, ఖాళీ గాజుసీసాలు తెచ్చి గోడలలో చేర్చెను. ఎండ ఆ సీసాలలోనుండి పచ్చగా, నీలముగా లోపలి నేలమీద పడును.